ఎవరూ లేరని ధ్రువపత్రం

బూరుగులంకలోని తొలకరి బాలల గృహంలో నలభై ఒక్క మంది అనాథలు ఉండేవారు. వాళ్ళు అనాథలని ఊరంతా అనుకునేది. పిల్లలూ అలాగే అనుకుని, ఏ గొడవా లేకుండా తిని, చదువుకుని, పెరుగుతూ ఉండేవారు. వీళ్ళు నిజంగా అనాథలేనా అన్న సందేహం ఇరవై రెండేళ్ళలో ఎవరికీ రాలేదు. అది అమెరికా నుంచి రావలసి వచ్చింది.

కిందటి జనవరిలో ఒక దాత, డొరతీ గారని పెద్దావిడ, తాను పోషిస్తున్న పిల్లవాణ్ణి చూడటానికి గోదావరి దాటి లంకకి వచ్చింది. ఆ పిల్లవాడి పేరు సమ్సోను. ఆవిడ వచ్చే వేళకి వాడు సిక్సరు కొట్టి, తలకి నూనె కారుతుండగా, పకపకా నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చి వార్డెను మెడకి వేలాడుతున్నాడు. ఆవిడ అందరికీ చాక్లెట్లు పంచి, ఇంటికి వెళ్ళి, చాలా మర్యాదగా ఉత్తరం రాసింది. తన ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించుకున్న ఫొటోలో పిల్లవాడు దిగులుగా ఉన్నాడనీ, తాను చూసిన పిల్లవాడు హాయిగా ఉన్నాడనీ, మధ్యలో ఎక్కడైనా పిల్లలు మారిపోయారేమో కనుక్కోమనీ ఆ ఉత్తరం సారాంశం.

ఉత్తరం ఈ గృహాన్ని నడిపే టెక్సస్‌లోని ప్రధాన కార్యాలయానికి చేరింది. ఆ కార్యాలయాన్ని పెట్టిన రెవరెండ్ డాక్టర్ ఎజ్రా పులిదిండి గారు ముప్ఫై ఒక్కేళ్ళ కిందట పక్క లంక నుంచే ఒక పెట్టె పట్టుకుని అమెరికా వెళ్ళారు. అక్కడ పగలు గిడ్డంగిలో అట్టపెట్టెలు మోసి, ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పి, కూడబెట్టి, పరిచర్య మొదలుపెట్టారు. ఇవాళ గోదావరికి అటూ ఇటూ రెండు వందల పన్నెండు సంఘాలు స్థాపించారంటే అది ఆయన చలవే. మనిషి మంచివాడు. మంచివాళ్ళు పెద్ద ఆఫీసు పెడితే ఏమవుతుందో అదే అయింది. ఆయన ఉత్తరం చదివి, రెండు రోజులు ప్రార్థన చేసి, మూడో రోజున అనాథత్వ ప్రమాణాల విభాగం అని ఒకటి ఏర్పాటు చేశారు.

ఇక్కడ వార్డెను జ్ఞానసుందరమ్మ. వయసు యాభై ఏడు. భర్త పాస్టరుగా చేస్తూ పోయాక, పిల్లలు లేని మనిషి కాబట్టి, ఈ గృహానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఎవరు ఉల్లిపాయ ఏరేస్తారో, ఎవరు నిద్రలో నడుస్తారో, ఎవరికి లెక్కలంటే కడుపునొప్పి వస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. ఎవరూ లేకపోవడానికి ధ్రువపత్రం ఉండాలన్న సంగతి మాత్రం ఆవిడ మొదటిసారి వింది.

ఆ పత్రాలు ఇవ్వడానికి ఫిలెమోను అనే ఆయన వచ్చాడు. ఆ విభాగానికి దక్షిణాసియా సంచాలకుడు. నలభై నాలుగేళ్ళవాడు, పుట్టింది తాడేపల్లిగూడెం, ఉంటున్నది డల్లాస్. ఇస్త్రీ చెడని చొక్కా, మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో పంతొమ్మిది ప్రశ్నల ఫారం. రేవులో పంటు పడవ దిగి గేట్లోకి రాగానే పిల్లలంతా వరసగా నిలబడి, సంఘంలో పెద్దవాళ్ళని పిలిచే అలవాటు ప్రకారం, "వందనాలు ఫిలెమోను అన్నయ్యా" అన్నారు. ఆయన తల పంకించి కుర్చీ వేయించుకున్నాడు.

ముందుగా ఫారం గొప్పతనం వివరించాడు. ఇది ఆరు దేశాల నిపుణులు తయారు చేసినదట. చాలామంది పిల్లలకి తమ వయసు తెలియదు కాబట్టి ఎవరినీ నొప్పించకుండా వయసు గడి తీసేశారట. ఏ ప్రశ్నకైనా జవాబుగా ఒక మనిషి పేరు వచ్చిందంటే ఆ బిడ్డ అనాథ కాదు. ఒక్క తోబుట్టువులకి మాత్రం మినహాయింపు ఉంది. తోబుట్టువులు లెక్కలోకి రారు. పైగా ఒకరికి ధ్రువపత్రం వస్తే వాళ్ళ అక్కచెల్లెళ్ళనీ అన్నదమ్ములనీ విడదీయకుండా అదే గృహంలో ఉంచాలి. ఆ ఫారంలో దయ అన్నది ఉంటే గింటే ఆ ఒక్క నిబంధనలోనే ఉంది.

మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగింది. తండ్రి ఉన్నాడా అని అడిగితే, ఆదివారపు బడిలో బాగా నేర్చుకున్న పిల్లలు కాబట్టి, పరలోకంలో ఉన్నాడని నలభై ఒక్కరూ ఒకే గొంతుతో చెప్పారు. ఫారంలో రెండే గడులు ఉన్నాయి, జీవించి ఉన్నాడు, మరణించాడు అని. రెండో గడిలో గుర్తు పెట్టడానికి ఏ విశ్వాసికీ చెయ్యి రాదు. ఫిలెమోను టెక్సస్‌కి ఫోన్ చేశాడు. వేదాంత ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై, జీవించి ఉన్నాడనే రాయాలనీ, అయితే పోషణ బాధ్యత గురించి ఇంకా చర్చ జరగవలసి ఉన్నదనీ తీర్మానించి, ఆ ప్రశ్నని ప్రస్తుతానికి పక్కన పెట్టమంది.

నాలుగో ప్రశ్న బంధువుల గురించి. పాలు పోసే అతను పిల్లలకి బాబాయి. పంటు నడిపేవాడు మావయ్య. బడి పక్కన జీళ్ళు అమ్మే ఆవిడ అత్త, చాకలి మరియమ్మ అమ్మమ్మ, పోస్టుమాను తాతయ్య. ఫిలెమోను అన్నీ రాసుకుంటూ పోయాడు. సాయంత్రానికి నలభై ఒక్క మంది అనాథలకి మూడు వందల ఆరుగురు బంధువులు తేలారు.

సుందరమ్మ నోరు నొక్కుకుంది. "అదేంటి బాబూ, మీరూ ఈ పక్కోరే కదండి. వరసలు పెట్టి పిలుచుకోడం మీకు తెలీదా అండి?"

"నాకు తెలుసమ్మగారూ. ఫారానికి తెలీదు," అన్నాడు ఫిలెమోను.

అయినా న్యాయం కోసం ఆ సంగతి పైకి రాశాడు. వారం తిరక్కుండా ఏడో నంబరు సర్క్యులరు వచ్చింది. రక్తసంబంధాన్ని నిరూపించే కాగితాలు ఈ ప్రాంతంలో దొరకడం కష్టం కాబట్టి, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో అదే వాళ్ళ బంధుత్వంగా ఇకముందు పరిగణించాలనీ, పిలుపే ప్రమాణమనీ అందులో ఉంది.

అలా నలభై మంది అనాథల లెక్కలోంచి పోయారు. మిగిలింది కెజియా. ఆరేళ్ళ పిల్ల. మూడేళ్ళ వయసులో రేవు దగ్గర, తడిసిన గౌనులో, ఒంటరిగా దొరికింది. ఊళ్ళో ఎవరినీ ఏ వరసా పెట్టి పిలిచేది కాదు, అసలు మాటే తక్కువ. ఈ పిల్లయినా నెగ్గుతుందని ఫిలెమోను ఆశపడ్డాడు. పద్నాలుగో ప్రశ్న దాకా తల అడ్డంగా ఊపింది. పదిహేనోది, జ్వరం వస్తే నీ పక్కన ఎవరు కూర్చుంటారు అని.

"పెద్దమ్మ," అంది కెజియా, సుందరమ్మ కొంగు పట్టుకుని.

ఫిలెమోను కలం మూత పెట్టాడు. కార్యాలయ భాషలో ఫలితం చదివాడు. బూరుగులంక యూనిట్‌లో అర్హత గల అనాథల సంఖ్య సున్నా. ఒక్క అనాథ కూడా లేని యూనిట్‌ని ముప్ఫై రోజుల్లో మూసివేయవలెను. లబ్ధిదారులను వారి వారి వ్యక్తులకు అప్పగించవలెను.

"ఎవరికి అప్పగిస్తారండి?" అంది సుందరమ్మ.

"వాళ్ళకి ఎవరో ఒకరు ఉన్నారని రుజువైంది కదమ్మా. ఆ ఉన్నవాళ్ళకి."

"ఆళ్ళకి ఉన్నది నేనేనండి."

"అయితే మీకే అప్పగిస్తాం."

"నేనుండేది ఇక్కడేనండి."

"ఇక్కడ అనాథలకే ప్రవేశం అమ్మగారూ."

ఫిలెమోను చెడ్డవాడు కాదు. ఆ మాట అన్నాక తనకే ఎలాగో అనిపించి, గుర్తింపు కార్డు కాసేపు అటూ ఇటూ తిప్పుకున్నాడు.

మర్నాడు ఎజ్రా గారు వీడియోలో మాట్లాడారు. సుందరమ్మ మీద ఆయనకి కోపం లేదు, గౌరవమే. కానీ పరిచర్యలో రెండు ముఖ్య విభాగాలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయని ఆయన బాధ. సంఘ స్థాపన విభాగం ఏడాదికి ఇరవై సంఘాలు పెడుతోంది. ప్రతి సంఘం గోడ మీదా ఈ పిల్లల పేర్లు రాసి, ప్రతి ఆదివారం పేరుపేరునా ప్రార్థన చేస్తున్నారు. తన కోసం పేరు పెట్టి ప్రార్థించే మనిషి ఉన్న బిడ్డ అనాథ ఎలా అవుతుంది? సంఘాలు పెరిగేకొద్దీ అనాథలు తరిగిపోతున్నారు. మొత్తం పరిచర్యకి ఇది ఆందోళన కలిగించే ధోరణి. అంచేత ముప్ఫై రోజుల దిద్దుబాటు కాలం ఇస్తున్నామనీ, ఈలోగా ఆత్మీయతను ఆమోదయోగ్యమైన స్థాయికి తగ్గించుకోవాలనీ ఆయన ప్రేమగా చెప్పారు.

ఆ ఆదివారం నుంచి రెండు వందల పన్నెండు సంఘాల్లోనూ పేర్లు చెరిపి నంబర్లు రాశారు. "ప్రభువా, బీఎల్ పదిహేడుకి చెవిపోటు తగ్గించు" అని పాస్టర్లు ప్రార్థిస్తుంటే, నంబర్లు తారుమారైతే ఎవరి చెవి బాగవుతుందోనని విశ్వాసులు బెంగపడ్డారు. ప్రభువుకి అందరూ తెలుసులెమ్మని సుందరమ్మ సరిపెట్టుకుంది. ఆవిడ అవస్థ ఆవిడకి ఉంది.

ఆవిడకి వచ్చిన సర్క్యులరు ప్రకారం పిల్లలు ఆవిడని పెద్దమ్మ అనకూడదు, మేడమ్ అనాలి. తలకి నూనె ఆవిడ రాయకూడదు, వంతుల ప్రకారం ఎవరో ఒకరు రాయాలి. పడుకునే ముందు తల నిమరడం వారానికి ఒకసారి, అదీ అందరికీ సమానంగా. జ్వరం వచ్చిన బిడ్డ పక్కన కుర్చీ ఉండవచ్చు, అందులో ఒకే మనిషి వరసగా రెండుసార్లు కూర్చోకూడదు. సుందరమ్మ అదంతా చదివి, కాగితం మడిచి, ఎవరూ లేని స్టోరు గదిలోకి వెళ్ళి ఏడ్చింది. తరవాత ముఖం కడుక్కుని, సరే, చేద్దాం అనుకుంది. తాను వాళ్ళకి ఏమీ కానని తేలితేనే వాళ్ళు తన దగ్గర ఉంటారు. ఇరవై రెండేళ్ళలో గజ్జి కడిగింది, టైఫాయిడ్లు చూసింది, వరదలో పిల్లల్ని మేడెక్కించింది. ఇంత కష్టమైన పని మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

మొదటి రోజు ఆవిడ ముఖం ముడుచుకుని "మేడమ్ అనండి" అంటే పిల్లలు ఇదేదో కొత్త ఆట అనుకుని కడుపు పట్టుకుని నవ్వారు. రెండో రోజు కూడా ఆవిడ నవ్వకపోయేసరికి తగ్గారు. మూడో రోజు సమ్సోను మోకాలు కొట్టుకుని వస్తే ఆవిడ చూడనట్టు పక్కకి తిరిగింది. వాడు నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం పిల్లలంతా పంపు దగ్గర చేరి మాట్లాడుకుని, పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదని నిర్ణయానికి వచ్చారు.

నాలుగో రోజు ప్రగతి నమోదు చేసుకోవడానికి ఫిలెమోను వచ్చేసరికి సుందరమ్మ మంచం మీద ఉంది. పిల్లలు లేవనివ్వడం లేదు. పెద్దపిల్ల ప్రిస్కిల్ల రాగిజావ కాచి తాగిస్తోంది. ఇద్దరు కాళ్ళు పడుతున్నారు. నుదుటి మీద తడిగుడ్డ వేసి, అది ఆరకముందే ఇంకొకరు మార్చేస్తున్నారు. సమ్సోను పరిగెత్తుకెళ్ళి, ప్రార్థన చెయ్యడానికి పాస్టరుగారిని, ఎందుకైనా మంచిదని ఆరెంపీ డాక్టరుని కూడా తీసుకొచ్చాడు. మంచం పక్కన కుర్చీలో కెజియా కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ లేవలేదట.

"నాకేం లేదండి బాబూ, సెప్తే ఇనరు," అంది సుందరమ్మ తడిగుడ్డ కింద నుంచి. కళ్ళు మాత్రం కారిపోతున్నాయి.

ఫిలెమోను ప్రగతి గడిలో ఏం రాయాలో తెలియక, పరిస్థితి విషమించింది అని రాశాడు.

ఇరవై తొమ్మిదో రోజుకి మూత ఖాయమైంది. మర్నాటి పొద్దున్న పిల్లల్ని తీసుకెళ్ళడానికి బస్సు వస్తుంది. ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పే సర్క్యులరు తరవాత వస్తుంది. ప్రిస్కిల్ల చిన్నవాళ్ళ బట్టలు మూటలు కడుతోంది. సుందరమ్మ ఒక్కొక్కరి మూటలో మందులు, ఎవరికేవి పడవో రాసిన చీటీ పెడుతోంది. చీటీ ఎవరు చదువుతారో ఆవిడకి తెలియదు. అయినా రాస్తోంది.

చివరి సంతకాలకి ఫిలెమోను మధ్యాహ్నమే వచ్చాడు. వాన పట్టుకుంది, పంటు ఆగిపోయింది. చేసేదేమీ లేక అరుగు మీద కూర్చున్నాడు. అక్కడ చిన్నపిల్లలు నెల రోజులుగా మరిగిన ఆట ఆడుకుంటున్నారు. దాని పేరు ఫారం ఆట. కెజియా మెళ్ళో అట్టముక్క వేలాడేసుకుని, పగిలిన పలక పట్టుకుని ప్రశ్నలడుగుతుంది. అప్పటికే పాలవాడి గేదెని అడిగారు. దానికి దూడ ఉంది కాబట్టి ఓడిపోయింది. వీధి కుక్క నెగ్గేలాగే ఉంది కానీ, అన్నం ఎవరు పెడతారు అంటే తోక ఊపుకుంటూ వంటింటి వైపు చూసింది.

ఇక అడగడానికి ఎవరూ లేక కెజియా పలక పట్టుకుని ఫిలెమోను ముందుకి వచ్చి నిలబడింది.

ఆయన నవ్వి, అడగమన్నాడు. అమ్మా నాన్నా అంటే, పోయారన్నాడు. భార్య? వీసా వచ్చాక పెళ్ళి చేసుకుందామనుకున్నాడు, వీసా వచ్చేసరికి ఆ సంగతి వెనకబడిపోయింది. బాబాయిలు, మావయ్యలు? అక్కడ ఎవరినీ అలా పిలవరు. ఎనిమిదేళ్ళుగా ఉంటున్న అపార్టుమెంటులో పక్కింటివాళ్ళ పేరు ఆయనకి తెలియదు. పదో ప్రశ్నకి నవ్వు తగ్గింది. వచ్చేదాకా అన్నం తినకుండా ఎదురుచూసేదెవరు అంటే తల అడ్డంగా ఊపాడు.

"జ్వరమొస్తే పక్కన ఎవరు కూకుంటారు?" అంది కెజియా.

"ఎవరూ కూర్చోరు. మాత్ర వేసుకుంటాను."

ఆ పిల్ల పలక మీద గీత గీసింది. చివరి ప్రశ్నకి వచ్చింది. నువ్వు కనబడకపోతే ముందుగా ఎవరికి తెలుస్తుంది అన్నది ఆ ప్రశ్న. ఆరు దేశాల నిపుణులు దాన్ని చాలా ఆలోచించి పెట్టారని ఫిలెమోను స్వయంగా ఉపన్యాసాల్లో చెప్పేవాడు. ఇప్పుడు వాన వంక చూశాడు.

"కారు పార్కింగ్ వాళ్ళకి," అన్నాడు చివరికి. "నెలాఖర్న."

కెజియా పలక మీద గీతలు లెక్కపెట్టుకుంది. పంతొమ్మిదికి పంతొమ్మిది. "అన్నయ్య నెగ్గాడు," అని అరిచింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. గుమ్మంలో చీటీలు పట్టుకుని నిలబడి వింటున్న సుందరమ్మకి ఆయన మీద అంతకాలం ఉన్న కోపం అప్పటికప్పుడు పోయి, గుండె తరుక్కుపోయింది. లోపలికి వెళ్ళి పళ్ళెంలో వేడివేడి అన్నం, చింతచిగురు రొయ్యలు పెట్టి తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

ఫిలెమోను పళ్ళెం ముట్టుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్క నిమిషం ఆగండి అమ్మగారూ. ముందు రాయనివ్వండి. ఇది తిన్నానంటే అన్నం ఎవరు పెడతారన్న పన్నెండో ప్రశ్న పోతుంది."

సంచిలోంచి అసలు ఫారం తీశాడు. పేరు ఫిలెమోను. వయసు గడి లేదు. శాశ్వత చిరునామా, తొలకరి బాలల గృహం, బూరుగులంక. పై చదువులకి, పనులకి బయట ఉండే పిల్లల్ని గృహం లెక్కలోనే ఉంచవచ్చని తొమ్మిదో నిబంధన ఉండనే ఉంది. పంతొమ్మిది గడుల్లోనూ ఎవరూ లేరని రాశాడు. ఒక్కటీ అబద్ధం కాదు. కింద విడిగా ఉన్న తోబుట్టువుల గడి దగ్గర ఆగి, పిల్లల వైపు చూశాడు.

"నేను మీకు ఏమవుతాను?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, అన్నయ్య అన్నారు పిల్లలు. వచ్చిన రోజు నుంచీ అంటున్నదే.

పిలుపే ప్రమాణమన్నది కార్యాలయం మాటే. తోబుట్టువులు నలభై ఒక్కరు అని రాసి, పేర్లన్నీ వరసగా ఎక్కించి, ఏడో నంబరు సర్క్యులరు జతచేసి, దక్షిణాసియా సంచాలకుడి హోదాలో కింద తానే సంతకం పెట్టి, ముద్ర వేశాడు. ఫోనులో ఫొటో తీసి టెక్సస్‌కి పంపాడు. అప్పుడు పళ్ళెం దగ్గరికి లాక్కుని, వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. సుందరమ్మ రెండోసారి వడ్డించింది.

తెల్లారేసరికి జవాబు వచ్చింది. ఎట్టకేలకు బూరుగులంకలో ప్రమాణాలన్నిటికీ నూటికి నూరు పాళ్ళూ సరిపడే అనాథ దొరికినందుకు కార్యాలయం దేవునికి స్తోత్రాలు చెల్లించింది. ఇంత లోపం లేని ఫారం విభాగం చరిత్రలోనే లేదని ఎజ్రా గారు స్వయంగా అభినందించారు. యూనిట్ కొనసాగవచ్చు, తోబుట్టువులను ఎట్టి పరిస్థితుల్లోనూ విడదీయరాదు. బస్సు ఖాళీగా వెనక్కి పోయింది. ఆ నెల పరిచర్య పత్రికలో ఫిలెమోను గుర్తింపు కార్డు మీది ఫొటోయే అచ్చయింది. డొరతీ గారు చూసి, ఈ బిడ్డ ముఖంలో నిజమైన దిగులు ఉందని తృప్తిపడి, ఒక రంగు పెన్సిళ్ళ పెట్టె, ఉన్ని టోపీ పంపింది.

అదంతా తరవాతి మాట. బస్సు వెనక్కి పోయిన పూట ఫిలెమోను పంటు ఎక్కబోతుంటే పిల్లలంతా రేవుకి వచ్చారు. సుందరమ్మ ఆయన చేతికి పులిహోర పొట్లం ఇచ్చి, అలవాటు చొప్పున, ఇల్లు చేరగానే ఫోన్ చెయ్యమని చెప్పబోయింది.

"ఆ మాట మీరు అడక్కండమ్మగారూ," అన్నాడాయన మెల్లిగా. "ఏటా ఫారం మళ్ళీ నింపాలి. చేరానో లేదో కనుక్కునే మనిషి ఉందని తేలితే నా పత్రం పోతుంది. నా పత్రం పోతే..." ఆయన పిల్లల వైపు చూసి ఆగిపోయాడు.

 సుందరమ్మ నెల రోజులుగా సర్క్యులర్ల మధ్య బతికిన మనిషి, దారి తెలియకపోలేదు. వంగి కెజియా చెవిలో ఏదో చెప్పింది.

"అన్నయ్యా," అంది కెజియా, "ఇంటికెళ్ళాక ఫోన్ సేత్తావా? అన్నం తిన్నావో లేదో సెప్తావా?"

తోబుట్టువులు లెక్కలోకి రారు. ఫిలెమోను చేస్తానన్నాడు. 

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే, ఆరాధనకి ముందు, బాలల గృహంలో ఫోన్ మోగుతుంది. కెజియా తీస్తుంది. పక్కనే పీట వేసుకుని కూర్చున్న సుందరమ్మ ఏం అడగాలో ఒక్కొక్కటే చెబుతూ ఉంటుంది. దగ్గు తగ్గిందా, చలికి ఆ టోపీ పెట్టుకుంటున్నాడా, పెరుగు తోడుకుంటోందా, పక్కింటివాళ్ళ పేరు కనుక్కున్నాడా. ఫోన్ మాత్రం ఆవిడ ముట్టుకోదు.